తాతబ్బాయి ఊపిరి

నేను ఒక క్లారినెట్‌ని. పెళ్ళి ఊరేగింపుల్లో ముందు నడిచే బ్యాండుమేళంలో, డ్రమ్ముల మోతకూ బాకాల అరుపుకూ నడుమ సన్నగా, కాస్త ముక్కుతో పాడినట్టు వినబడే గొంతు నాదే. మీరు నన్ను వినే ఉంటారు, విన్నట్టు గుర్తుండదంతే. బ్యాండు మోగుతున్నంతసేపూ ఎవరూ మా వైపు చెవి పెట్టరు. ఆగిపోతే మాత్రం అందరూ తల తిప్పి చూస్తారు.

నాకు కుదురు తక్కువ. పుట్టుకే అలాంటిది. నల్లటి ఒంటినిండా చిల్లులు, వాటి మీద మీటలు, మీటల కింద స్ప్రింగులు. ఎవరూ తాకకపోయినా నాలో ఏదో ఒక స్ప్రింగు బిగిసే ఉంటుంది. పెట్టెలో పడుకుని కూడా తర్వాతి ఊపిరి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాను. మూతి తగిలిందంటే చాలు, ఆ మనిషి పొద్దున ఏం తిన్నాడో, నిద్ర పట్టిందో లేదో, గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందో ఇంట్లోవాళ్ళకంటే ముందు నాకు తెలిసిపోతుంది. తెలిసి ఏం లాభం? ఊదింది పలుకుతాను. తెలిసింది చెప్పలేను.

నన్ను మీరట్‌లో ఒక ఇరుకు సందులో తొలిచారు. తొలిచినవాడికి ఒక్క పాటా రాదు. రోజంతా చిల్లులు పెట్టి, సాయంత్రం వాటిని ఊది చూసి, మోగితే చాలనుకుని ఇంటికి పోయేవాడు. అక్కణ్ణుంచి రైల్లో పాలకొల్లు తెచ్చినవాడు ఖాజా మాస్టారు. ఆయన బ్యాండు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. నోరు పుక్కిలించుకుని గానీ ఆయన నన్ను ముట్టుకునేవాడు కాదు. రంజాన్ పండగనాడు మాత్రం ఒక సిగరెట్టు వెలిగించి, కళ్ళు మూసుకుని చివరిదాకా ఆస్వాదించి, మళ్ళీ ఏడాది దాకా దాని ఊసెత్తేవాడు కాదు. మనుషులందరూ ఇంతే కాబోలు అనుకున్నాను. అప్పటికి నాకు బాగా తెలిసింది ఆ ఒక్క మనిషే మరి.

మాస్టారికి ఆయాసం ముదిరాక నన్ను ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. అడగడానికి మొహమాటపడనివాడు గవర్రాజు. బ్యాండులో ఏ వాయిద్యం కనబడినా లాక్కుని వాయించేసేవాడు. పొట్టిగా, దిట్టంగా, ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉండే మనిషి. నన్ను చేతికిచ్చిన రోజే ఊరేగింపు బండి పైకెక్కి, వెనక్కి వంగి, ఆకాశంలోకి ఊదాడు. జనం ఈలలు వేశారు. అతని ఊపిరి నిండా బ్రాందీ. దాపరికం ఏమీ లేదు. తాగితే ఊరంతటికీ తెలిసేలా తాగేవాడు, నవ్వేవాడు, పోట్లాడేవాడు, మర్నాడు పోట్లాడినవాడి భుజం మీద చెయ్యేసుకుని టీకి వెళ్ళేవాడు. వీడు నాశనమైపోతాడని చూసిన ప్రతివాళ్ళూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక ముహూర్తాల కాలం గడిచేసరికి గవర్రాజుకు నా మీద మోజు తీరిపోయింది. ట్రంపెట్ మీద పడింది మనసు. నన్ను తీసుకెళ్ళి చెల్లెలి మొగుడి చేతిలో పెట్టి, నీ నోటికైతే బాగుంటుంది ఊదుకో బావా అని వెళ్ళిపోయాడు.

ఆ చెల్లెలి మొగుడే తాతబ్బాయి.

తాతబ్బాయి పగలు సెలూన్‌లో క్షవరాలు చేసేవాడు. పొడుగ్గా, సన్నగా, తన పొడుగుకు తానే సిగ్గుపడుతున్నట్టు భుజాలు కొంచెం వంచి నడిచేవాడు. మాట్లాడించకుండా గడ్డం గీస్తాడని అతని కుర్చీ కోసం జనం ఆగేవాళ్ళు. తెల్లారగట్ల కాలవగట్టుకు వెళ్ళి, నీళ్ళవైపు తిరిగి నన్ను ఊదేవాడు. మాస్టారు నన్ను మర్యాదగా వాయించాడు, గవర్రాజు జోరుగా వాయించాడు. తాతబ్బాయి వాయిస్తుంటే మాత్రం నాలో ఇంత గొంతుందా అని నాకే అనిపించేది. పక్కన గేదెలు కడుక్కునేవాళ్ళు చెయ్యి ఆపి వినేవాళ్ళు. వాళ్ళు వింటున్నారని తెలిసిన మరుక్షణం అతని ఊపిరి పొట్టిదైపోయేది. మీటల మీద వేళ్ళు చెమర్చేవి. పాట మధ్యలో ఆపేసి, తువ్వాలుతో నన్ను తుడిచి పెట్టెలో పెట్టేసేవాడు.

మొదటిసారి బ్యాండుకు ముందు నిలబడి వాయించాల్సి వచ్చింది ఒక మిల్లు యజమాని ఇంటి పెళ్ళిలో. పొద్దు వాలుతోంది. పెళ్ళికూతురి మేనమామ, ఫలానా కీర్తన వాయించమని అడిగాడు. తాతబ్బాయికి అది నిద్రలో కూడా వచ్చు. నన్ను పెదాలకు ఆనించాడు. ఊపిరి రాలేదు. పెదాలు ఆరిపోయాయి. డ్రమ్ములవాడు అదే వరస మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నాడు. మేనమామ మొహం చిట్లించాడు.

గవర్రాజు అతని రెక్క పుచ్చుకుని జనరేటరు బండి చాటుకు లాక్కుపోయాడు. జేబులోంచి క్వార్టరు సీసా తీశాడు. అతని మనసులో చెడు లేదని నేను చెప్పగలను. దాహమేసినవాడికి నీళ్ళిచ్చినట్టే ఇచ్చాడు.

"ఒక్క గుక్కెయ్ బావా. బయం దిగిపోద్ది."

దిగిపోయింది. అంతకుముందు ఎన్నడూ మందు ముట్టని ఆ ఊపిరి ఒక్కసారిగా వెచ్చగా, పొడుగ్గా, తాపీగా నాలోకి వచ్చింది. వేళ్ళు పొడిగా ఉన్నాయి. కాలవగట్టున నీళ్ళకు మాత్రమే వినిపించిన పాట ఆ సాయంత్రం అంతమంది జనంలో వినిపించాడు. మేనమామ కళ్ళొత్తుకున్నాడు. నేను పొంగిపోయాను. ఆ ఆనందానికి కారణం నేనే అనుకున్నాను, తాతబ్బాయేమో ఆ గుక్క అనుకున్నాడు.

అప్పటినుంచి ప్రతి ఊరేగింపుకూ ముందు ఒక గుక్క ఉండేది. తర్వాత ఒక గుక్కకు దిగే భయం రెండు గుక్కలకు గానీ దిగడం మానేసింది. ఇది నాకు వింతగా ఉండేది. మందు పెరుగుతుంటే భయం తగ్గాలి కదా. కానీ భయం తనకున్న చోటు చాలదన్నట్టు విస్తరించింది. ఇదివరకు జనం ముందు వాయించడానికే భయం. ఇప్పుడు ఇంటి ఓనరు పలకరిస్తే భయం. అత్తారి తరఫు చుట్టాలొస్తే భయం. చివరికి సెలూన్‌లో అద్దం ముందు కూర్చున్నవాడి కళ్ళు తనను చూస్తాయేమోనని భయం. ప్రతిదానికీ ముందు ఒక గుక్క. సీసాను నా పెట్టెలోనే, నా కాళ్ళ దగ్గర, పాత తువ్వాల్లో చుట్టి దాచేవాడు.

తర్వాత లవంగం నమిలేవాడు. మంగతాయారుకు తెలిసింది ఆ లవంగం వాసన ఒక్కటే. ఆమె అతని భార్య, గవర్రాజు చెల్లెలు. పెద్దగా నవ్వే మనిషి. మొగుడి గురించి ఎవరడిగినా మొహం వెలిగిపోయేది. తాతబ్బాయి గొంతెత్తి ఎరగడు, తూలి ఎరగడు. తాగినప్పుడు ఇంకాస్త నెమ్మదిగా, ఇంకాస్త మంచిగా ఉండేవాడు. వీధిలో ఆడవాళ్ళు తమ మొగుళ్ళకు అతన్ని చూపించి బుద్ధి నేర్చుకోమనేవాళ్ళు. మంగతాయారు తిట్లన్నీ అన్నకే. మా ఆయన్ని నీతో తిప్పి పాడుచెయ్యకు అన్నయ్యా అని గుమ్మంలోనే నిలేసేది. గవర్రాజు నవ్వేసి, చెల్లెలి చేతి కాఫీ తాగి పోయేవాడు. ఆ మాటలు జరుగుతున్నంతసేపూ తాతబ్బాయి గోడవైపు తిరిగి, నా మీటలకు నూనె పెడుతూ ఉండేవాడు. అతని వేళ్ళు వణికేవి. ఒకరినే చూడాలని లోకం ముందే తీర్మానించుకుంటే రెండోవాడు ఎంత వణికినా కనబడదు.

ఇంతలో గవర్రాజు నిజంగానే పడ్డాడు. ఆచంట దగ్గర ఊరేగింపులో బండి మీద ఎగిరి ఎగిరి కిందపడి మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టుకున్నాడు. చేతికి కట్టుతో ఇంట్లో కూర్చోలేక మేడ మీదికెక్కి పక్కింటివాళ్ళ పావురాలను చూడ్డం మొదలెట్టాడు. కట్టు విప్పేసరికి పావురాల పిచ్చి పట్టింది. మేత, గూళ్ళు, పందాలు, ఎగిరినవి వాలేదాకా మేడ మీదే కాపలా. ఆ సందట్లో మందు సంగతి మరిచిపోయాడు. ఒట్టు పెట్టుకోలేదు, దేవుడికి మొక్కుకోలేదు. బస్సులో గొడుగు మరిచిపోయినట్టు మరిచిపోయాడు.

ఒకరోజు బ్యాండులో ఎవరికో కావాలంటే నా పెట్టెలో రీడు కోసం వెతుకుతూ సీసా చూశాడు. రీడంటే నా మూతికి బిగించే పల్చటి బద్ద. అప్పటికి సీసా సైజు పెరిగింది. గవర్రాజు తెల్లబోయాడు, తర్వాత తేలిగ్గా నవ్వాడు.

"ఇదేటి బావా ఇంకా? మానెయ్. నేను మానలా?"

తాతబ్బాయి తలూపాడు. మానేస్తానన్నాడు. ఆ సాయంత్రం అతని ఊపిరిలో అంతకుముందు ఎన్నడూ లేనంత ఘాటు. నేను మానలా అన్న ఆ చిన్న మాట అతనికి ఎక్కడ తగిలిందో గవర్రాజుకు తెలియదు. అంత సులువైన పని తనవల్ల కాలేదంటే లోపం తనలోనే ఉందని తాతబ్బాయి తేల్చుకున్నాడు. ఆ సిగ్గును ఓర్చుకోవడానికి కూడా అతనికి తెలిసిన దారి ఒక్కటే.

నా మీటల కింద చిల్లులు మూసే మెత్తలు ఉబ్బాయి. పై స్వరాలు పట్టుతప్పాయి. పొద్దున్నే కాలవగట్టుకు వెళ్ళడం మానేశాడు. వెళ్ళినా చేతులు నిలకడగా ఉండాలంటే ముందు గుక్క పడాలి. ఇప్పుడు నీళ్ళకు కూడా భయపడుతున్నాడు.

అప్పుడు ఎన్నికలొచ్చాయి. పోలింగు కోసం వైన్ షాపులన్నీ మూసేశారు. తాతబ్బాయి దాచుకున్నది ముందురోజే అయిపోయింది. ఎవర్నీ అడగలేడు. అడగడమంటే ఒప్పుకోవడం కదా. షాపులు ఇంకా తెరవకముందే వీరవాసరంలో పెళ్ళి పడింది, పట్టపగలు ఊరేగింపు. మూతి తగలగానే నాకు గుబులు పుట్టింది. ఆ ఊపిరిలో మందు లేదు, లవంగం లేదు, ఎండిన పెదాల ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. వేళ్ళు మీటల మీద నిలవడం లేదు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. రెండు వీధులు ఎలాగో నడిచాడు. మూడో మలుపులో అతని దవడ బిగుసుకుంది. ఒళ్ళు కొయ్యబారి, మొదలు నరికిన అరటిచెట్టులా కూలిపోయాడు.

నేను ఎగిరి జనరేటరు బండి చక్రం కింద పడ్డాను. నా కింది భాగం నిలువునా బీటవారింది. అక్కణ్ణుంచి చూశాను, తాతబ్బాయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోటివెంట నురగ. ఎవరో చేతిలో పెట్టడానికి తాళంచెవులు తెమ్మంటున్నారు, ఎవరో ఉల్లిపాయ తెమ్మంటున్నారు. గవర్రాజు ట్రంపెట్ విసిరేసి వచ్చి అతన్ని పక్కకు తిప్పి, తల తన ఒళ్ళోకి తీసుకున్నాడు. బ్యాండు ఆగింది. అందరూ తల తిప్పి చూశారు. తాతబ్బాయి జీవితమంతా దేనికి భయపడ్డాడో అదే జరిగింది, అతనికి తెలివి లేని సమయంలో.

గవర్రాజు నన్ను కూడా చొక్కాలో చుట్టుకుని ఆసుపత్రికి తెచ్చాడు. అందుకే తర్వాతి సంగతులు నాకు తెలిశాయి. డాక్టరు అన్నీ పరీక్షించి, ఈయన తాగుడు ఒక్కసారిగా ఆపినందువల్ల వచ్చిన ఫిట్స్ ఇవి, రోజూ ఎంత తాగుతాడని అడిగాడు. మంగతాయారు కోపంగా తలెత్తింది.

"మా ఆయన తాగరండి. తాగేవోడు ఈయన, మా అన్నయ్య."

గవర్రాజు నేల చూస్తూ నిలబడ్డాడు. మంగతాయారు అన్న మొహంలోకి చూసింది, మొగుడి మొహంలోకి చూసింది, మెల్లగా పక్కనున్న బల్ల మీద కూలబడింది. లవంగాలు, అని గొణుక్కుంది.

అక్కణ్ణుంచి కాకినాడలో మందు మాన్పించే వార్డుకు పంపారు. గవర్రాజు సంచిలో నేనూ వెంట వెళ్ళాను. అక్కడ విజయభారతి అనే కౌన్సెలర్ ఉండేది. నడివయసు మనిషి, గొంతు ఎప్పుడూ కొంచెం బొంగురు. అందరూ ఎంత తాగేవాడివని అడుగుతుంటే ఆవిడ అది అడగలేదు. మొదటి గుక్కకు ముందు ఒంట్లో ఎలా ఉండేదో చెప్పమంది. తాతబ్బాయి ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. ఆవిడ విసుక్కోకుండా వచ్చి కూర్చునేది, కిటికీలోంచి చూస్తూ టీ తాగి వెళ్ళేది. ఆవిడ తనవైపు చూడకుండా ఉన్న ఒక పూట అతను నోరు విప్పాడు.

"అందరూ నన్నే చూత్తన్నట్టుంటదండి. ఏదో తప్పు చేత్తానని కాసుకున్నట్టుంటదండి. ఆ గుక్క దిగేక... చూట్టం మానేత్తారండి."

అది అతను తన గురించి చెప్పుకున్న అతి పెద్ద మాట. మంగతాయారు పక్కనే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి తనకు చెప్పలేదని ఆమెకు ఏడుపొచ్చింది. చెప్పడానికి కూడా భయమేసి ఉంటుందని తట్టి, ఏడుపు ఆపుకుంది.

గవర్రాజును మాత్రం ఒక ప్రశ్న నిలవనివ్వలేదు. వరండాలో విజయభారతిని ఆపి అడిగేశాడు. తను తాగినదాంట్లో సగం కూడా బావ తాగి ఉండడట. సీసా చేతికిచ్చింది తనేనట. మరి తనను వదిలేసి మందు బావనెందుకు పట్టుకుంది?

"మీరు సరదా కోసం తాగారు. సరదాకి బదులు మీకు పావురాలు దొరికాయి. ఆయన ధైర్యం కోసం తాగాడు. దానికి బదులు ఆయనకేం దొరికింది?" అందావిడ. గవర్రాజు ఊపిరి పీల్చుకోబోతుండగా ఇంకో మాట అంది. "మీరు గట్టివారని అనుకోకండి. నిలవలేని స్వభావం మీది. పడి ఎముక విరిగింది కాబట్టి ఆగారు. ఇలాంటివాళ్ళు కూడా నా వార్డులో బోలెడుమంది ఉన్నారు. ఎవరి స్వభావం వాళ్ళను ఏ వైపు లాగుతుందో తెలుసుకుంటే జాగ్రత్తపడొచ్చు. అంతే."

గవర్రాజు ఆ రోజు తన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. అతన్ని అలా చూడ్డం నాకు అదే మొదటిసారి.

నా బీటను అతికించి, మెత్తలు మార్పించి తెచ్చింది గవర్రాజే. ఇంటికొచ్చాక తాతబ్బాయి నన్ను చేతిలోకి తీసుకోవడానికి చాలా రోజులు పట్టింది. మూతి పెదాలకు ఆనగానే అతని నోట్లో నీళ్ళూరాయి. పాట కోసం కాదు. ఒళ్ళు రెంటినీ ఒకటిగా గుర్తుపెట్టుకుంది, క్లారినెట్టంటే గుక్క. గబుక్కున నన్ను మంచం మీద పెట్టేసి బయటికెళ్ళిపోయాడు. తర్వాత ఒక చిన్న ఓణీల ఫంక్షన్‌లో వాయించి చూశాడు, మధ్యలో కనబడకుండా పోయి తాగొచ్చాడు. మంగతాయారు కనిపెట్టేసింది. ఆమె ఇప్పుడు లవంగం వాసన కింద వాసన కూడా పట్టగలదు. కేకలెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కించి మళ్ళీ విజయభారతి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ కూడా తిట్టలేదు. జారితే లేవడమే అని మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టింది.

ఆ తర్వాత తాతబ్బాయి నన్ను అటక మీద పెట్టించేశాడు. అక్కడ నేను పడ్డ యాతన చెప్పలేను. స్ప్రింగులన్నీ బిగుసుకుని ఎవరి కోసమో కాసుకుని ఉండటం, కింద అతను అటూ ఇటూ తిరగడం వినబడటం. ఇద్దరికీ కుదురు లేదు. కింద మంగతాయారు, వాయించకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని అన్నతో గొణుగుతుండేది. గవర్రాజు వింటూ ఏదో ఆలోచించేవాడు.

అప్పటికి పావురాల మోజు తీరిపోయింది. బ్యాండు వ్యానును నెమలి ఆకారంలో అలంకరించే పిచ్చి కొత్తగా పట్టింది. రేకులు, బల్బులు, రంగులు. వ్యాను వెనక, స్పీకర్ల మధ్య ఒక మనిషి కూర్చునేంత గూడు కట్టి, దానికి జరీ పరదా వేలాడదీశాడు. లోపల ఒక మైకు పెట్టాడు. తాతబ్బాయిని లాక్కొచ్చి చూపించి, లోపల కూచుని వాయించు, నీ మొహం ఎవడికీ కనబడదు అన్నాడు. ఆ ఆలోచన ఎంత తిక్కగా ఉందంటే తాతబ్బాయి చాలాకాలానికి నవ్వాడు.

మేం కొన్ని పెళ్ళిళ్ళు అలా పరదా వెనక వాయించాం. ఊపిరిలో భయం ఉండేది, కానీ ఓర్చుకోగలిగినంత. బయట జనం నెమలి పాడుతోందని వేళాకోళం చేసుకునేవాళ్ళు. విజయభారతికి ఫోన్లో చెబితే ఆవిడ, బాగుంది, ఎప్పుడో ఒకప్పుడు పరదా కొద్దిగా తెరిచి చూడు అందట. తాతబ్బాయి సరేనన్నాడు, తెరవలేదు.

అతను తెరవకుండానే అది తెరుచుకుంది. పెనుగొండలో పొద్దుటిపూట ఊరేగింపు. పెళ్ళికొడుకు స్నేహితులు డాన్సు ఊపులో వ్యానెక్కారు. ఎవడో పరదా కడ్డీ పట్టుకుని వేలాడాడు. కడ్డీ ఊడింది, పరదాతో సహా కింద పడింది. గూట్లో వంగి కూర్చున్న పొడుగాటి మనిషి ఎండలో బట్టబయలయ్యాడు. జనం తిరిగి చూశారు.

అతని ఊపిరి ఆగిపోయింది. వేళ్ళు చెమర్చాయి. రోడ్డుకు అవతల వైన్ షాపు బోర్డు నాకు కనబడుతోంది, అతనికీ కనబడుతుందని తెలుసు. గవర్రాజు ట్రంపెట్ దించి వ్యానువైపు రాబోయాడు. తాతబ్బాయి కళ్ళతోనే వద్దన్నాడు. మళ్ళీ ఊదాడు. నేను కీచుమన్నాను. స్వరం పగిలింది, తాళం తప్పింది, పై షడ్జం అందక కింద పడింది. నా జన్మలో అంత అధ్వానంగా మోగింది లేదు. అతను ఆపలేదు. వణుకుతూనే, చెమట కళ్ళల్లోకి కారుతుంటే, అందరూ చూస్తుండగా ఆ పాటను అంత చెత్తగానూ చివరిదాకా వాయించాడు. అది అయ్యాక ఇంకోటి అందుకున్నాడు. అదీ బాగాలేదు.

పాట సగంలోనే చాలామంది చూడ్డం మానేసి మళ్ళీ డాన్సులో పడ్డారు. ఎవరో జిలేబీలు పంచుతుంటే కొందరు అటు పోయారు. మనుషులు పక్కవాడి తప్పును కాసుకుని ఉండటానికి కూడా తీరిక లేనివాళ్ళు. ఇన్నేళ్ళ భయానికి ఇంత చిన్న జవాబా అని నాకు ఉక్రోషం వచ్చింది.

పందిరి దగ్గర ఊరేగింపు ఆగాక పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. పెద్దమనిషి, బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. క్లారినెట్టు మరీ అపశ్రుతి పోయిందేమిటయ్యా అని నిలదీశాడు. గవర్రాజు ఏదో సర్దిచెప్పబోయాడు. తాతబ్బాయి వ్యాను దిగి, భుజాలు వంచకుండా ఆయన ముందు నిలబడ్డాడు.

"అవునండి. బయమేసిందండి."

పెద్దమనిషి దీనికి సిద్ధంగా లేడు. దబాయిస్తాడనుకున్నాడు, లేదా మైకు మీద నెపం వేస్తాడనుకున్నాడు. కాసేపు ఎగాదిగా చూసి, గడ్డం గోక్కుని, పొద్దున పీటల మీద పిల్లను కూర్చోబెట్టినప్పట్నుంచి నాకూ కాళ్ళు నిలవడం లేదయ్యా అని గొంతు తగ్గించి చెప్పాడు. ముందు భోంచెయ్యండి అని పందిరిలోకి చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు.

తాతబ్బాయి నన్ను తుడిచి, విడదీసి, పెట్టెలో సర్దాడు. గవర్రాజుతో కలిసి వెళ్ళి పంక్తిలో కూర్చున్నాడు. పెట్టె మూత సరిగా పడలేదు. ఆ సందులోంచి వడ్డనల చప్పుడు వింటూ, స్ప్రింగులు బిగబట్టుకుని పడుకున్నాను. సాయంత్రం నరసాపురంలో ఇంకో ఊరేగింపు ఉంది.